ఇంజను తాగని సారా

రేడియేటర్లో నీళ్లు పోయాలి. ముందు అద్దం తుడవాలి. వెనక టైరుకు గాలి కొట్టించాలి. సుబ్బరత్నం నడిపే సారా డిపోకు పోయి స్పిరిటు డబ్బా తెచ్చి పెట్రోల్లో కలపాలి. ఇన్నేళ్ల డ్రైవరీలో ఈ ఆఖరి పని ఒక్కటే అంతోనికి కొత్త.

పెట్రోలు ధర మళ్లీ పెరిగింది. టాక్సీకి కిరాయిలు తగ్గాయి. బ్రెజిల్లో కార్లు చెరుకు సారాతో నడుస్తున్నాయని పేపర్లో చదివిన యజమాని బాబూరావు ఆ మాటే పట్టుకున్నాడు. లీటరు స్పిరిటు పెట్రోలు ధరలో సగానికే వస్తుంది.

"ఇయ్యాల రొంపిచెర్ల పోయొద్దాం అంతోనీ. నడిచిందా, కారుంటది, నువ్వుంటావు. లేదంటే అమ్మేస్తా."

"సరేనయ్యా," అన్నాడు అంతోని. యాభై దాటిన మనిషి. కిటికీ మీద ఆనించి ఆనించి కుడిచెయ్యి ఎడమచేతికన్నా నల్లబడింది.

డిపోలో సుబ్బరత్నం నవ్వుతూ డబ్బా అందించాడు. "మా కాడ మనుషులు తాగి తూలతారు. నీ కారు తూలకుండా చూసుకో."

"అది నాకన్నా బుద్ధిమంతురాలులే అన్నా."

ఊరు దాటేదాకా కారు బాగానే నడిచింది. వెనక సీట్లో బాబూరావు తొడమీద తాళం వేశాడు. మొదటి ఎత్తు దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా అందుకోలేదు. బాబూరావు స్టీరింగు పట్టుకున్నాడు, అంతోని వెనక నుంచి నెట్టాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

కబురందుకుని మెకానిక్ మౌలాలీ సైకిలు మీద వచ్చాడు. ట్యాంకులోంచి గాజుసీసాలోకి కాస్త వంపి ఎండకు పట్టి చూపించాడు. పైన పెట్రోలు, అడుగున తేటగా వేరే పొర.

"ఏందన్నా ఇది, నీళ్లు. తాగేటోళ్లకు కలిపినట్టే నీకూ కలిపాడు. ఇంజను ఇట్టాంటిది తాగదు."

సుబ్బరత్నం మోసం చేద్దామనుకోలేదు. డబ్బా నింపేటప్పుడు నీళ్లు కలపడం అతని చేతికి అలవాటు, అంతే.

"అయ్యా, నీళ్లు లేని సరుకు తెప్పించి ఇంకొక్కసారి చూద్దాం," అన్నాడు అంతోని. ఇన్నేళ్లలో అతను యజమానిని ఏదైనా అడగడం అదే మొదలు.

బాబూరావు మౌలాలీ వైపు చూశాడు.

"అసలు సరుకైనా పెట్రోలంత దూరం పోదు సార్. ఎక్కువ తాగుద్ది. లోపల రబ్బరు పైపులు కూడా మెత్తబడతయ్."

"ఇంకేం లాభం," అన్నాడు బాబూరావు. అంతోని తల వంచుకుని బానెట్ మూశాడు.

కారును గుంటూరు ఆసామి కొన్నాడు. నడుపుకుంటూ పోయి అప్పగించింది అంతోనే. తిరిగి బస్సులో వచ్చాడు. ప్రతి మలుపులోనూ అతని కుడికాలు బస్సు నేలను బ్రేకులాగా నొక్కింది. ఆ వానాకాలంలోనే ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

నరసరావుపేట టాక్సీ స్టాండు మీదుగా ఎప్పుడైనా వెళ్తే అంతోనిని ఒకసారి తలుచుకోండి. పొట్టివాడు కనుక ఎత్తు కోసం సీటు మీద వేసుకుని కూర్చున్న, కారు అప్పగించేటప్పుడు చంకన పెట్టుకుని తెచ్చుకున్న దూది దిండు ఇంట్లో మంచం పక్కనే ఉంది. దాని మధ్యలో అతను కూర్చున్న పల్లం ఇంకా పూడలేదు.