కొట్టంలో అల్మర

"నేనే చేసినాను ఆచార్లూ, వేసవి సెలవుల్లో" అన్నాడు మా ఆయన, పుస్తకాల అల్మర మీద అరచెయ్యి ఆనించి.

మంత్రాలయం నుంచి వచ్చిన శ్రీపాదాచార్యులు దాన్ని నిమిరి చూశారు. "భలే పనోడివప్పా విఠలా! అతుకు యాడుందో కూడా కనపడల్యా."

పాలగ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చేతికి మేకు కొట్టడం రాదు. క్యాలెండరు తగిలించాలన్నా నన్నే పిలుస్తాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. ఆదోనిలో ఆయన హైస్కూలు అయ్యవారు. ఇంట్లో గోడగూళ్ళన్నీ ఆయన పుస్తకాలకే. నావి, అంటే పెళ్ళికి ముందు కొనుక్కున్న నవలలూ, వారపత్రికల్లోంచి చింపి కుట్టుకున్న సీరియళ్ళూ, బియ్యం డబ్బా వెనక ఉండేవి. ఒకరోజు మా అత్త సరస్వతీబాయి ఒక సీరియల్ కుట్టు విప్పి, కాగితాలు అప్పడాల కింద పరిచింది. "సదివేసినావు గదే, ఇంకెందుకు?" అంది. మీ అబ్బాయి పుస్తకాలు కూడా చదివేసినవే కదా అన్న మాట గొంతు దాకా వచ్చింది, మింగాను. ఎన్ని మింగానో! ఆ రోజే అనుకున్నాను, నా పుస్తకాలకు నేనే ఒక చోటు చేసుకుంటానని.

చెయ్యడానికి తీరిక ఏదీ? తెల్లారి మడి కట్టుకున్నది మొదలు పడుకునేదాకా వంటిల్లే నా బతుకు. మిగిలింది నెలనెలా బయట కూర్చునే ఆ మూడు రోజులే. పెరటి కొట్టంలో ఒక చాప, ఒక చెంబు, దూరం నుంచి తోసే కంచం. ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఎవరూ పని చెప్పరు. ఆ కొట్టంలోనే పాత ఇంటి టేకు తలుపులు పడి ఉన్నాయి. మా నాన్న ఎమ్మిగనూరు స్కూల్లో వడ్రంగం నేర్పే క్రాఫ్టు మేస్టరు, నాకూ చిన్నప్పుడే ఆ పని నేర్పాడు. రిటైరైనప్పుడు తన రంపం, చిత్రిక, ఉలులు నాకే ఇచ్చాడు. "పుట్టింటోళ్ళు కూతురికి చీర పెడతారు, మీ నాయన రంపం పెట్టినాడే!" అని ఈయన వచ్చినవాళ్ళందరినీ నవ్వించాడు. ఆ రంపంతోనే కోశాను. నడుం నొప్పితో వంగి వంగి చిత్రిక పట్టాను. పాత మాటలు గుర్తొస్తే ఉలి ఎక్కువ దిగేది, చెయ్యి ఆపుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

"కొట్టుకోనీలే, ఊరికే కూసోని ఏం చేస్తాది" అంది అత్త, సుత్తి చప్పుడు వినపడితే.

తీరా వార్నిషు ఆరేసరికి అది అందరికీ కావలసి వచ్చింది. అత్త రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి, పసుపు రాసి, హాల్లో పెట్టించింది. ఆయన పుస్తకాలు ఎక్కాయి, నావి బియ్యం డబ్బా వెనకే ఉండిపోయాయి. పనికొచ్చే వస్తువుకి మైల ఎంత తొందరగా వదులుతుందో!

ఇప్పుడు ఆచార్యులు పట్టుగుడ్డ విప్పి, తాను తెచ్చిన భాగవతాన్ని పై అరలో పెట్టబోయారు.

"ఆయన చెయ్యలేదు స్వామీ" అన్నాను. "నేను చేసినాను. నెలనెలా బయటున్నప్పుడు, కొట్టంలో కూసోని. దాంట్లో ఒక్క మేకు కూడా మడిలో కొట్టింది కాదు."

ఆచార్యుల చెయ్యి గాలిలోనే ఆగింది. "ఏమప్పా విఠలా, నిజమేనా?"

మా ఆయన వాళ్ళమ్మ వంక చూశాడు. వాళ్ళమ్మ నేల వంక చూసింది. ఆచార్యులు భాగవతాన్ని గుండెకు హత్తుకుని, పాలైనా తాగకుండా వెళ్ళిపోయారు.

"పరువు తీసినావు గదే!" అని అరిచాడాయన.

"అది ఇంక ఈ ఇంట్లో ఉండేకి లేదు" అంది అత్త.

"వద్దులే" అన్నాను.

ఆ సాయంత్రం ఆయనే తన పుస్తకాలు దింపి, అల్మరని కొట్టం దాకా ఈడ్చుకుపోయాడు, రొప్పుతూ, నన్ను తిడుతూ. దాని కోసం ఆయన చేసిన పని అదొక్కటే.

నా పుస్తకాలు తెచ్చి, దుమ్ము దులిపి పేర్చుకున్నాను. ఇంకా చోటు మిగిలింది. చాప పరుచుకుని, అప్పడాల మరకలున్న ఆ సీరియలే తీశాను.

"ఏమే, పొద్దు గూకుతాంది, పొయ్యి రాజెయ్యవా?" వంటింట్లోంచి అత్త కేక.

"బయటున్నానత్తా."

"నీకింకా నెల కాల్యా గదే!"

"కాల్యా" అన్నాను, పేజీ తిప్పుతూ.