ఇల్లు మొత్తం మీదే

దిండు గలీబుల కట్టను సామాను గదిలో పెడుతుండగా, వీధి తలుపుకున్న అంకెల తాళం కీచుమంది. అతిథులు సాయంత్రం కదా రావలసింది! ఆమె ఆలోచించలేదు. అలవాటుగా గది తలుపు మూసి లోపలి నుంచి గడియ వేసుకుంది.

అతిథుల కంట పడకూడదన్నది భర్త పెట్టిన నియమం. "వాళ్లు డబ్బిచ్చేది మన ఇంటికి కాదే, మనం లేకపోవడానికి" అని నవ్వేవాడు. రోజుల లెక్కన అద్దెకివ్వడానికి అప్పు చేసి రెండు ఫ్లాట్లు కొన్నారు. అవి సగం రోజులు ఖాళీగా పడి ఉండేసరికి, వాయిదాలు కట్టడం కోసం తాముంటున్న ఈ ఇంటిని కూడా యాప్‌లో పెట్టారు. పైన ఆయనే రాశాడు: ‘ఇల్లు మొత్తం మీదే.’ బడి తెరిచేదాకానే అని చెప్పి ఆమెనూ కూతురు చిట్టినీ ఆడపడుచు ఇంటి హాల్లోకి మార్చాడు. సోమవారం బడి. ఆదివారం తిరిగి వచ్చేయాలి. చిట్టి అప్పుడే బొమ్మల సంచి కట్టుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది.

చీకట్లో భుజానికి చల్లగా తగులుతున్నది చిట్టి మంచమే. పలకలు విప్పి గోడకి ఆనించారు.

"ఇదేం ఇల్లే, ఉప్పు డబ్బా కూడా లేదు!" బయట ఒక పెద్దావిడ గొంతు.

"అమ్మా, వచ్చీ రాగానే మొదలెట్టకు."

"మొదలెట్టక? తెల్ల దుప్పట్లూ అవీ, ఆసుపత్రిలా ఉంది. మనుషులు కాపురం చేసిన ఇల్లేనా ఇది?"

ఉప్పు డబ్బా ఆమె మోకాలి పక్కనే ఉంది. దానికి పెళ్లి ఫోటో ఆనించి ఉంది.

ఎవరో వంటింటి కుళాయి తిప్పారు. తప్పుగా తిప్పారు. ఎడమకి తిప్పి కాస్త పైకెత్తాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దుమ్ముకి దగ్గు తన్నుకొస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుంది. వీళ్లెప్పుడు బయటికి వెళ్తారో, తనెప్పుడు పిల్లిలా జారుకోవాలో. సొంత ఇంట్లో దొంగ బతుకు.

అల్లుడు కాబోలు, ఎవరికో ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. అవతల పలికింది తన భర్తే.

"సార్, ఇల్లు మాకు నచ్చింది. నాకు ఉద్యోగం ఈ ఊళ్లోనే. వచ్చే వేసవిదాకా ఇస్తారా?"

"దానికేం భాగ్యం సార్! ఇల్లు ఖాళీయే. మేమెవరమూ అక్కడ ఉండం."

"మా బాబుకో చిన్న మంచం కావాలి."

"సామాను గదిలో ఉంది సార్. మనిషిని పంపించి బిగించేస్తాను."

ఆ గొంతులో కాస్త తడబాటైనా ఉందేమోనని ఆమె వెతుక్కుంది. లేదు.

గడియ తీసింది. మంచం పలక ఈడ్చుకుంటూ బయటికొచ్చింది.

"ఓరి నాయనో!" పెద్దావిడ గుండె పట్టుకుంది.

అల్లుడు ముందు బిత్తరపోయాడు, తర్వాత ముఖం విప్పారింది. "అప్పుడే పంపేశారా సార్! మీ మనిషి భలే చురుకు."

"ఎవరు? నేనింకా ఎవర్నీ పంపలేదే!"

పెద్దావిడ ఆమెను చూసింది. తెరిచిన గదిలోని పెళ్లి ఫోటోను చూసింది. మళ్లీ ఆమెను చూసింది.

"పంపలేదు నాయనా. ఈ పిల్ల మనకంటే ముందే ఉంది ఇక్కడ. ఎవరమ్మా నువ్వు?"

"ఈ మంచం మా అమ్మాయిదండీ."

ఫోన్లో భర్త గొంతు తగ్గించి, "నువ్వా? పిచ్చిపట్టిందా? ముందు బయటికి రా, మాట్లాడుకుందాం" అన్నాడు.

"బయటికే వచ్చానండీ" అంది ఆమె.

పలకను చిన్నగదిలోకి తీసుకెళ్లి, మంచం ఉండే చోటే కిటికీ కింద ఆనించింది. రెండో పలక కోసం వెనక్కి వచ్చింది. అది బరువైనది. ఒక్కతే ఎత్తలేక ఆగింది. పెద్దావిడ అల్లుడి వంకా, కూతురి వంకా చూసి, వంగి రెండో కొస పట్టుకుంది.

బల్ల మీద ఫోన్ పలుకుతూనే ఉంది. "హలో... సార్? ఇల్లు ఖాళీయే సార్... హలో?"