నాలుగో చరణం

మా ఇంట్లో ప్రార్థన ఉన్నప్పుడల్లా మూడో చరణం అయిపోవస్తుందనగా నేను లేచేదాన్ని. ముందే లేస్తే టీ చల్లారిపోతుంది, ఆలస్యమైతే వచ్చినవాళ్ళు గుమ్మం వైపు చూస్తారు. ఈ కొలత మా అత్తయ్య నేర్పింది. "దేవుడెక్కడికీ పోడు, టీ చల్లారుతుంది" అనేది. మా ఆయనైతే ఇంకా ఉదారంగా, "టీ కలుపుతూ దండం పెట్టుకో, పుణ్యం అక్కడికే వస్తుందిలే" అనేవాడు. పుణ్యం సంగతేమో గానీ ఎంగిలి కప్పులు మాత్రం అక్కడికే వచ్చేవి.

చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్ళో పడుకుని నేర్చుకున్న ప్రార్థన అది. మూడు చరణాలు నేర్పి, "నాలుగోది పెద్దయ్యాక నేర్పుతాలే" అంది. తను వెళ్ళిపోయింది. నేను పెద్దదాన్నయ్యాను. పెద్దదాన్నయితే ఆ వేళకి వంటింట్లో ఉండాలని మాత్రం ఆవిడ చెప్పలేదు. ఎన్నేళ్ళు గడిచినా నాలుగో చరణం నాకు గిన్నెల చప్పుడులో వినిపించే రాగమే. పుస్తకంలో చదువుకోవచ్చుగా అంటారేమో. మా ప్రార్థన పుస్తకంలో లేదు, పక్కన కూర్చుని వినాల్సిందే.

ఆయనకి బదిలీ అయి కొత్త ఊరొచ్చాం. కిటికీలు పెద్దవి, మా కర్టెన్లు పొట్టివి. అంచు వేయిద్దామని కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కుడుతూ కుడుతూ ఆవిడ కూనిరాగం తీసింది. మా నాయనమ్మ రాగం! నేను అందుకున్నాను. మిషను ఆపి నన్ను తేరిపార చూసి, "ఆదివారం మా ప్రార్థన హాలుకి రా" అంది.

ఆ హాలు ఒక పుస్తకాల కొట్టు మీద మేడగది. చాపలూ, ఒక గోడగడియారమూ. లోపలికి అడుగుపెట్టగానే నేనడిగిన మొదటి మాట, "వంటిల్లు ఎటండీ?" అందరూ నవ్వారు.

"కొత్తగా వచ్చినవాళ్ళు మూడు నెలలు ఏ పనీ ముట్టకూడదు. మా పద్ధతి" అంది దర్జీ ఆవిడ. "కూర్చోవడమే నీ పని."

అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు. మూడో చరణం అయిపోవస్తుండగా నా ప్రమేయం లేకుండానే లేచాను. సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్ళు నా మణికట్టు పట్టుకున్నాయి.

"ఎక్కడికమ్మా?"

"టీ..."

"ఇవాళ పోస్టుమాస్టరుగారి వంతు. చేదుగా పెడతాడు, అయినా తాగుతాం. కూర్చో."

కూర్చున్నాను. నాలుగో చరణం వచ్చింది. రెండే పాదాలు. "గడప అవతల నిలబడ్డవాళ్ళని పిలు, నీ పక్కన చోటిచ్చి కూర్చోబెట్టు." అంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళంతా పాడింది నా గురించే, నేనొక్కదాన్నే వినలేదు. దర్జీ ఆవిడ చాప మీద కాస్త జరిగింది. ఇప్పుడు ఆవిడా లేదు, ఆ హాలూ లేదు. ఆ కర్టెన్లు మాత్రం పారేయలేకపోయాను.

మేం ఆ ఊరొచ్చిన ఏడే అత్తయ్య మా ఇంటికొచ్చింది. తల్లి వచ్చిందని ఆయన ఇంట్లో ప్రార్థన పెట్టాడు. "పదిహేనుమంది. టీ సంగతి చూసుకో" అన్నాడు.

"అందరితో పాటు కూర్చుంటాను. అయ్యాక పెట్టుకుందాం."

"ఈ ఊరొచ్చాక నీకు మాటలొచ్చాయి."

"మాటలెప్పుడూ ఉన్నాయి. చరణమే ఇప్పుడొచ్చింది."

మూడో చరణం అయిపోవస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. నా కాళ్ళు లాగుతున్నాయి, కదల్లేదు. అప్పుడు పక్కన చప్పుడైంది. అత్తయ్య చేయి నేలకి ఆనించి లేస్తోంది. నేను కోడలిగా రాకముందు అత్తవారింట్లో టీ ఎవరు పెట్టారో నాకెన్నడూ తట్టలేదు. నేనొచ్చాక మాత్రం, నేను తెచ్చే కప్పుల కోసం గుమ్మం వైపు చూస్తూ ఆవిడ నాలుగో చరణం ఏం విని ఉంటుంది?

మణికట్టు పట్టుకున్నాను. "ఎక్కడికి అత్తయ్యా?"

"టీ..." అంది, తప్పు చేసిన పిల్లలా.

"కూర్చోండి."

కూర్చుంది. అందరూ నాలుగో చరణం పాడుతుంటే ఆవిడ పెదాలు కదల్లేదు. నా పెదాల వైపే చూస్తోంది. అయ్యాక ఆయన విసుక్కుంటూ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. టీపొడి ఎక్కడుందని కేకేశాడు. మేమిద్దరం లేవలేదు.

"ఇంతేనా?" అంది అత్తయ్య. "రెండే ముక్కలా?"

"రెండే."

అత్తయ్య నా వైపు జరిగి, "ఏదీ, నాకు నేర్పు" అంది.