ఒకటి నుంచి లెక్క

ఆదివారం మధ్యాహ్నం బస్సుకు భార్య లిమకాట్సో సంచి ఎప్పుడూ మొట్లాట్సే సర్దేవాడు. ఆమెను చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. అడుగున కంబళి, దాని మీద బట్టలు, ఆ పైన గుడ్డలో చుట్టిన రొట్టె, ఎండు పీచ్ పండు ముక్కల పొట్లం. అంతా సర్ది, ఏదో మరిచిపోయానన్న బెంగతో మళ్ళీ అంతా బయటికి తీసి, మొదటినుంచీ సర్దేవాడు. చివర్లో, ఆమె చూడనప్పుడు, కంబళి మడతలో తన పాత ఫిజిక్స్ పుస్తకం దోపేవాడు. అందులో ఒక పేజీ దగ్గర ఎండిన పీచ్ ఆకు పెట్టి ఉంచాడు. శుక్రవారం ఆమె రాగానే పుస్తకం తీసి చూసేవాడు. ఆకు కదిలేది కాదు.

గోడ అవతలి నుంచి మామెల్లో అవ్వ చూస్తూనే ఉంది.

"ఏం మాస్టారూ, పెళ్ళాన్ని సాగనంపడానికి అంత సంబరమా? మా ఆయన గనులకు పోతుంటే నేను సంచి దాచేశాను తెలుసా?"

"దాచినా వెళ్ళాడుగా అవ్వా."

"వెళ్ళాడు. కట్టుబట్టలతో వెళ్ళాడు. మరి నా తెలివంటే ఏమనుకున్నావ్!"

లిమకాట్సో నవ్వింది. మొట్లాట్సి నవ్వలేదు.

అతను ఆ ఊరి మిషన్ బడిలో సైన్సు మాస్టారు. లిమకాట్సో ఒకప్పుడు అతని క్లాసులో ముందు బల్ల మీద కూర్చున్న పిల్ల. పెళ్ళయ్యాక కూడా నలుగురిలో "న్తాతె", అంటే అయ్యా, అని మర్యాదగా పిలిచినా, ఇంట్లో మాత్రం "మాస్టారూ" అనే అనేది. ఆ పిలుపంటే అతనికి ప్రాణం. లోయలో ఉన్న యూనివర్సిటీలో ఫిజిక్స్ డిగ్రీకి ఆమె చేత దరఖాస్తు పెట్టించింది కూడా అతనే. వయసులో ఉన్నప్పుడు తనకు దొరకని సీటు అది. మొదటి ఏడాది ఆమె శుక్రవారం లెక్కలు మూటగట్టుకుని వచ్చేది. ఇద్దరూ పొయ్యి పక్కన కూర్చుని చేసేవాళ్ళు. ఆమెకు చిక్కుపడ్డచోట అతను విప్పేవాడు. రెండో ఏడాది కాంతి, తరంగాలు, విద్యుత్తు మొదలయ్యాయి. ఒకరోజు ఒక లెక్క ముందు అతను చాలాసేపు కూర్చుండిపోయాడు. తర్వాతి వారం నుంచి ఆమె లెక్కలు తేవడం మానేసింది. లెక్కల బదులు లెరెకో పేరు రావడం మొదలైంది.

అక్కడ ప్రాక్టికల్స్‌కు ఇద్దరిద్దరిని జంటగా వేస్తారు. ఒకరు పరికరం దగ్గర నిలబడి చదువుతారు, ఇంకొకరు రాసుకుంటారు. మొదటి వారం వేసిన జంట డిగ్రీ అయ్యేదాకా అదే. లెరెకో ఆమె జంట. "మా జంటకే మొదట ఫలితం వచ్చింది మాస్టారూ" అనేది ఉత్సాహంగా. ఆ మాట వినగానే మొట్లాట్సి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసేవాడు. చీకటి గదిలో దీపం ముందు ఇద్దరూ ఒకే దుర్భిణి మీదికి వంగి ఉన్నట్టు కళ్ళకు కట్టేది. ఆ కుర్రవాడి మీదే కాదు, ఆ దుర్భిణి మీద కూడా అసూయ పుట్టేది.

తనకూ ఒక ప్రయోగం ఉందిగా అని సర్దిచెప్పుకునేవాడు. ఏటా పెద్ద క్లాసు పిల్లలకు లోలకం చూపించేవాడు. దూలానికి తాడు కట్టి, రాయి వేలాడదీసి, పక్కకు లాగి వదిలేవాడు. వదలగానే క్లాసంతా ఒక్క గొంతుతో "ఒకటి!" అని అరిచేది. "రెండు! మూడు!" ఆ అరుపులకు కిటికీ అద్దాలు అదిరేవి. దారిన పోయే గొర్రెల కాపరులు ఆగి తొంగిచూసేవాళ్ళు. ఇరవై అనగానే అతను గడియారం ఆపేవాడు. లెక్క కడితే భూమి లాగే బలం పుస్తకంలో ఉన్నట్టు తొమ్మిది పాయింట్ ఎనిమిది రాదు, దాదాపు పదకొండు వచ్చేది. అతను కళ్ళజోడు సవరించుకుని, "పుస్తకం వాళ్ళది పిల్లలూ, కొండ మనది! మన కొండ గట్టిగా లాగుతుంది!" అనేవాడు. క్లాసు ఘొల్లుమనేది. అదొక్కటే అతనికి వచ్చిన హాస్యం. లిమకాట్సో కూడా ఆ మాటకు నవ్వే అతనికి మనసిచ్చింది.

మే నెలలో ఒక శుక్రవారం వానకు ఏరు పొంగింది. బస్సు మొట్లాట్సి వాళ్ళ ఊళ్ళోనే ఆగిపోయింది. లిమకాట్సో వెనకాలే తడిసిన టోపీ పిండుకుంటూ ఒక సన్నటి కుర్రాడు గుమ్మంలోకి వచ్చాడు.

"లెరెకో. ఏరు దాటితేగానీ వాళ్ళ ఊరు రాదు. ఈ రాత్రికి మనింట్లో పడుకుంటాడు" అంది.

"లుమెలా, న్తాతె" అని పలకరిస్తూ రెండు చేతులూ జోడించాడు కుర్రాడు. నవ్వితే బుగ్గన గుంట పడింది. ఆ గుంట సంగతి లిమకాట్సో ఎప్పుడూ చెప్పలేదేమా అనుకున్నాడు మొట్లాట్సి.

జొన్న సంకటి, ఆకుకూర పెట్టుకుని ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. మొట్లాట్సి అల్లం పానకం పోశాడు. మర్యాదకు లోటు చెయ్యలేదు. కుర్రాడికి చనువు వచ్చింది.

"మీరూ సైన్సు మాస్టారేనట కదా న్తాతె! మీకొక తమాషా చెప్పాలి. మా దగ్గర 'పదకొండోళ్ళు' అని ఒక జాతి ఉంది."

"లెరెకో, అన్నం తిను" అంది లిమకాట్సో.

"తింటున్నా. వీళ్ళంతా ఏదో ఒక బడి నుంచే వస్తారట న్తాతె. లోలకం వదలగానే 'ఒకటి' అంటారు! ఒక్క ఊపు కూడా పూర్తవకుండానే ఒకటేమిటి? సున్నా అనాలి కదా! ఇరవై అనేసరికి ఊగింది పంతొమ్మిదే. ఇంకేముంది, జవాబు పదకొండుకు పోతుంది. మా ల్యాబ్ సారు జవాబు చూసి, 'ఓహో, పదకొండా? ఎక్కణ్ణుంచి వచ్చావో తెలిసిందిలే బాబూ' అంటాడు!"

"చాల్లే, నోర్ముయ్" అంది లిమకాట్సో.

మొట్లాట్సి పానకం గిన్నె కింద పెట్టాడు. తప్పు అతనికి ఆ క్షణంలోనే అర్థమైంది. అంత తేలికైన తప్పు. అయినా అతన్ని అసలు గుచ్చింది అది కాదు. ఆమె ఆ "నోర్ముయ్" అన్న తీరు. తనను ఆమె ఏనాడూ అలా గదమలేదు. అంత చనువు ఉన్నవాళ్ళనే అలా గదమగలరు.

కుర్రాడు ఇద్దరి ముఖాలూ చూశాడు. బుగ్గన గుంట మాయమైంది.

తెల్లవారి ఏరు తగ్గగానే లెరెకో వెళ్ళిపోయాడు. మొట్లాట్సి గుమ్మంలోనే భార్యను అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ప్రాక్టికల్‌లోనే."

"ఎవరు చెప్పారు?"

"నేను ఒకటి అనగానే లెరెకో నా చెయ్యి పట్టుకుని ఆపాడు."

"చెయ్యి పట్టుకున్నాడా?"

"గడియారం ఉన్న చెయ్యి, మాస్టారూ! గడియారం ఆపడానికి!"

"ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీ క్లాసులో ఆ కేక ఆగిపోతుందని. నాకు ఆ కేకంటే ఇష్టం."

"ఇద్దరూ కలిసి నవ్వుకున్నారా?"

ఆమెకు అబద్ధం చేతకాదు. "ఒక్కసారి నవ్వాను. తర్వాత హాస్టలుకెళ్ళి ఏడ్చాను."

అతని చెవులకు మొదటి మాటే చేరింది.

సోమవారం పెద్ద క్లాసుకు లోలకం పాఠం. అతను తాడు కట్టాడు. రాయి పక్కకు లాగి పట్టుకున్నాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సున్నా అనండి పిల్లలూ, అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది లెరెకో మాట. ఆ కుర్రాడి మాట తన నోట, తన క్లాసులో! రాయి వదిలేశాడు.

"ఒకటి!" అని అరిచారు పిల్లలు.

జవాబు పదకొండుకు దగ్గరగా వచ్చింది. పిల్లలు ముఖాలు వెలిగించుకుని కొండ మాట కోసం ఎదురుచూశారు. అతను ఆ మాట అన్నాడు. అందరూ నవ్వారు. అతను బోర్డు వైపు తిరిగి, ఏమీ లేని చోట చాలాసేపు తుడిచాడు.

ఆ సాయంత్రమే మిషన్ ఫాదర్ దగ్గరికి వెళ్ళాడు. ఇంకా పై కొండల మీద ఒక చిన్న బడి ఉంది, అక్షరాలు నేర్పేదాకానే, సైన్సు లేదు. అక్కడికి పొమ్మంటే ఎవరూ పోరు. తనే పోతానన్నాడు.

లిమకాట్సోకు అతనేమీ చెప్పలేదు. జూన్‌లో ఒక ఆదివారం ఎప్పటిలాగే ఆమె సంచి సర్దాడు. కంబళి, బట్టలు, రొట్టె, పీచ్ ముక్కలు. ఆమె వచ్చి కంబళి మడత తడిమి చూసింది.

"పుస్తకం ఏది?"

"నువ్వు తెరవవుగా. మోతెందుకు?"

"తెరిస్తే ఆకు పొడైపోతుంది మాస్టారూ. అందుకే తెరవను. తలగడ కింద పెట్టుకుంటాను."

ఒక్క క్షణం అతనికి, ఫాదర్‌కు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చు కదా అనిపించింది. ఇంతలో ఆమె దగ్గరికి వచ్చి, "ఇంకో మాట. నా జంట మార్చమని సారును అడిగాను. ఒప్పుకున్నారు" అంది.

అడగాల్సిన అవసరం వచ్చిందంటే ఏదో ఉన్నట్టేగా! అతని మనసు వెంటనే అటే పోయింది.

"ఆ ఆకు లెరెకోకు చూపించావా?" అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. పుస్తకం తనే తీసుకుని సంచిలో పెట్టుకుంది. బస్సు దగ్గర, "వెళ్ళొస్తాను, న్తాతె" అంది. చుట్టూ ఎవరూ లేరు. అయినా మాస్టారూ అనలేదు.

మామెల్లో అవ్వ గోడ మీదుగా కేకేసింది. "ఏం మాస్టారూ, సాగనంపావా? ఇక చూడు, ఆడది పట్నం రుచి మరిగితే తిరిగొస్తుందా!"

లిమకాట్సో ఆ శుక్రవారమే తిరిగి వచ్చింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ వచ్చింది. డిగ్రీ పూర్తయ్యాక ఆ మిషన్ బడిలోనే సైన్సు టీచరుగా చేరింది. ఆమె క్లాసులో పిల్లలు సున్నా నుంచి లెక్కపెట్టారు. అదీ అరిచే లెక్కపెట్టారు.

మొట్లాట్సి ఆ 1984 జూన్‌లోనే, అక్కడి చలికాలంలో కొండల మీద మొదటి మంచు పడిన వారం, గుర్రం ఎక్కి పై కొండల బడికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.