తోడేలి వదిన

ఏ సంగతైనా సరే, చివరిదాకా తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. మా అమ్మ నన్ను కాపరానికి పంపుతూ చెప్పిన బుద్ధి ఒక్కటే: "సుభద్రా, నువ్వు పనికి ఎనకాడవు, ఆ భయం లేదు నాకు. అడిగేది మాత్రం తగ్గించు." తగ్గించలేదు. ఆ గుణమే ఒకసారి నన్ను నిలువునా పట్టించింది.

కొత్త పైసలు వచ్చిన ఏడు, ఉగాది వెళ్ళిన రెండు వారాలకు జరిగింది ఇది. మా ఊరు మోకలో మా నల్లరేగడి చేనులో జొన్న కోతలైపోయాయి. ఎప్పటిలాగే కురుబ హులిగెప్ప తన గొర్రెల మందను తెచ్చి చేనులో నిలిపాడు. గొర్రెలు పడుకున్న చేనుకు వేరే ఎరువు అక్కర్లేదు. ఆ మందలోంచి ఒక తెల్లవారుజామున తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది.

మా ఆయన సుబ్బరామిరెడ్డి చెవిన ఆ మాట పడటమే ఆలస్యం, గోడకున్న తుపాకీ కిందికి దిగింది. లైసెన్సు వచ్చి మూడేళ్ళయినా ఆయన కొట్టింది కుందేళ్ళనే. ఇన్నాళ్ళకు పేరొచ్చే వేట దొరికిందని మనిషి నేల మీద నిలవడం లేదు. తోడేలు ఎక్కడుందో కూడా కనుక్కున్నాడు. మా మరిది కోదండరామి రాళ్ళచేనులో, గుట్ట కింది బొరియలో ఉంది.

కోదండరామి గురించి చెప్పాలి. నేను కాపరానికి వచ్చేసరికి వాడు ఆరేళ్ళవాడు, తల్లి లేదు. నా చేతి ముద్దలు తిని పెరిగాడు. మా బళ్ళారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకిచ్చి, బళ్ళారిని మైసూరులో కలిపిన ఏడే మా ఇల్లూ రెండైంది. నల్లరేగడి మాకు, రాళ్ళచేను వాడికి. చీటీలు వేస్తే అలా పడింది. వాడు ఒక ఏడు ఆ రాళ్ళల్లో కొర్రలు చల్లి, గింజ రాక, చేను బీడు పెట్టి ఆలూరు పోయి పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాడు. నాలుగేళ్ళు. పండగకు రాలేదు, పబ్బానికి రాలేదు, ఉత్తరానికి జవాబు లేదు. వాడు ఒక్కసారి మా గడప తొక్కితే చాలని ఎన్ని దేవుళ్ళకు మొక్కుకున్నానో! బిడ్డ కన్నా ఎక్కువ నాకు వాడు.

సరే, ఆ ఉదయం సంగతి. మా ఆయన వసారాలో తుపాకీ గొట్టం తుడుస్తున్నాడు. వేట చూడాలని బడి పంతులు రాజగోపాలయ్య వచ్చి కూర్చున్నాడు. బళ్ళారి బజారులో కొట్టున్న ఇంటివాడు, వ్యాపారం ఒంటబట్టక పుస్తకాల్లో పడ్డాడు. జేబులోంచి కొత్త పైస తీసి నాకు చూపించాడు.

"ఈ సింహాలు చూడక్కా. దేశమన్నాక ఒక గుర్తుండల్ల. మన దేశానికి సింహాలు, మన మైసూరుకు రెండు తలకాయల గండభేరుండం."

"మన మైసూరా? మొన్నటిదాకా బళ్ళారి ఆంధ్రలో కలవల్లని జెండా పట్టుకొని తిరిగినావు కదప్పా?" అన్నాను.

"ఇప్పుడేం చేసేదక్కా, జీతం మైసూరోళ్ళిస్తాండారు," అని నవ్వేశాడు. "రోము అని యాడో ఒక పట్నముండాది. వాళ్ళకు తోడేలే గుర్తు. ఇద్దరు కవల పిల్లోళ్ళను ఏట్లో ఇడిస్తే ఆడతోడేలు పాలిచ్చి సాకిందంట. పెద్దోళ్ళయి పట్నం కట్టినారంట. తోడేలు బిడ్డలమని వాళ్ళకు బో గొప్ప."

"ఇద్దరూ కలిసే కట్టినారా?"

"ఏడ! గోడ కాడ తగువొచ్చి ఒకడు ఇంకొకణ్ణి సంపినాడు."

"మరి పాలిచ్చిన తోడేలు ఏమనింది?"

"అది పుస్తకంలో లేదక్కా," అని తల గోక్కున్నాడు. ఇదీ మన పంతుళ్ళ వరస. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలో ఉండదు.

అంతలో హులిగెప్ప, అతని పెళ్ళాం కొట్రమ్మ వాకిట్లోకి వచ్చారు. హులిగెప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రెడ్డెప్పా, తోళను కొట్టొద్దు. నీ కాళ్ళు మొక్కుతా. నా మంద కాడ తోళను సంపినారని తెలిస్తే మావాళ్ళు నన్ను పంక్తిలో కూచోనీరు. నా బిడ్డలకు పిల్లనియ్యరు."

తోళ అంటే వాళ్ళ కన్నడంలో తోడేలు. మా ఆయన తల కూడా ఎత్తలేదు. "నీ గొర్రెనే కదరా తినింది? నీకు మేలు చేస్తాంటే అడ్డమొస్తావేంది?"

"తినలేదు రెడ్డెప్పా. దాని భాగం అది తీసుకుండాది."

నా చెవులు నిక్కాయి. గొర్రెల మందలో తోడేలుకు భాగమా! "మీరూ తోడేలు బిడ్డలా ఏంది హులిగెప్పా?" అని అడిగాను. రోము సంగతి అప్పుడే విన్నానాయె, ఔనంటాడనే అనుకున్నాను.

కొట్రమ్మ ముందుకొచ్చి అరుగు అంచున కూర్చుంది. "నేను చెప్తా తాయీ. ముందు కాలంలో మావాళ్ళు అన్నదమ్ములు ఇద్దురు. భాగాలు పంచుకుందామనిరి. పంచుకునే పొద్దు చిన్నోడు వచ్చి చూస్తే దొడ్డి ఖాళీ. రోగమొచ్చి గొర్రెలన్నీ సచ్చిపాయె అని చెప్పినారు. మందనంతా గుట్ట అవతల దాచిపెట్టిండ్రి. చిన్నోడు ఏడ్సలేదు, తగువాడలేదు. కప్పుకున్న గొంగడితోనే అడివికి పాయె. ఆ గొంగడి వాని ఒంటికి అంటుకొనె, వెంట్రుకలాయె. వాడే తోళ."

"అయితే మీరు ఆ చిన్నోని వంశమన్న మాట," అన్నాను. కథ అంతటితో అతుక్కుపోయిందనుకున్నాను.

కొట్రమ్మ నన్ను వింతగా చూసింది. "అదెట్లయితాది తాయీ? చిన్నోడు అడివికి పాయె కదా. ఊర్లో మిగిలింది పెద్దోడే. మేము పెద్దోని బిడ్డలం."

రాజగోపాలయ్య నోరు తెరిచాడు. "మోసం చేసినోని బిడ్డలమని ఎవరైనా చెప్పుకుంటారా కొట్రమ్మా?"

"ఉండేది చెప్పుకోకపోతే ఎట్లప్పా?" అంది, ఈరోజు ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా.

అక్కడితో ఊరుకుంటే నాకేమీ అయ్యేది కాదు. నా నోరు ఊరుకుంటుందా! "ఖాళీ దొడ్డి చూపించింది ఎవరు? పెద్దోడేనా?" అన్నాను.

"పెద్దోనికి పాపం తెలీనే తెలీదు. వాని పెండ్లాం చేసిన పని అది. అందుకే మా ఇండ్లల్లో ఏటా పెద్దకోడలే ఒక పిల్లకు చెవి కొన కోసి, గుట్ట తట్టు తిరిగి, మైదునా, నీది నువ్వు తీసుకో అని పిలిచి చెప్పల్ల. మగోళ్ళు చెప్పకూడదు. ఆ పిల్లను అమ్మము, కోయము. మొన్న పోయింది అదే."

మైదున అంటే మరిది. నాకు కోదండరామి గుర్తొచ్చాడు. అయినా పిచ్చి నోరు ఆగలేదు. "అంత మందలో సరిగ్గా అదే దొరికిందా దానికి?"

"దొరకకపోయినా అదే అనుకుంటాం తాయీ," అని కొట్రమ్మ నవ్వింది.

"ఎన్నాళ్ళిస్తారు ఇట్ల?"

"వాడు గొంగడి ఇప్పిందంకా."

నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో రాతంతా నాది. మా ఆయనకు సంతకం తప్ప రాదు. భాగాల రోజు చీటీలు రాసింది నేనే. రెండింటి మీదా రాళ్ళచేను అనే రాశాను. ముందు తీసేది చిన్నవాడు, అది ఆచారం. వాడు తీసి, విప్పి, గట్టిగా చదివాడు. మిగిలింది మాదే కదా, ఇంక విప్పేదేముందని ఆ రెండో చీటీని పెద్దమనుషులకు కాఫీ కాస్తున్న పొయ్యిలో వేశాను. నాకప్పుడు ఇద్దరు పసిబిడ్డలు. వాడు ఒంటిగాడు, ఎట్లయినా బతుకుతాడనుకున్నాను. సిగ్గులేని దాన్ని! ఆ మాట నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా.

మా ఆయన తూటా వేసుకుని వసారా దిగాడు. "కథలైనాయి కదా, పదండి."

"ఏమయ్యా, ఆగు. ఆ చేన్లో తుపాకీ పేల్చొద్దు."

"నీకేం పుట్టిందే?"

చెప్పేశాను. నలుగురి ముందు, ఉన్నది ఉన్నట్టు. ఆయన ఎండలో అలాగే నిలబడిపోయాడు. తర్వాత తూటా తీసి జేబులో వేసుకుని, నా ముఖం చూడకుండా లోపలికి పోయాడు. హులిగెప్పకు ఏం అర్థమైందో గానీ, తుపాకీ లోపలికి పోయినందుకు వాకిటికి దండం పెట్టాడు. కొట్రమ్మ మాత్రం నా వైపే చూస్తూ ఉండిపోయింది.

మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక్కటే మాట అన్నాడు. "నల్లరేగట్లో సగం వానికి రాయిస్తా. వానికి చెప్పేది మాత్రం నువ్వే పోయి చెప్పల్ల."

రెండు బస్సులు మారి ఆలూరు పోయాను. మైసూరు ఎక్కడ అయిపోయిందో, ఆంధ్ర ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలని కిటికీలోంచి కళ్ళార్పకుండా చూశాను. కండక్టరును అడిగితే, కొందరు వంక కాడంటారు, కొందరు తుమ్మచెట్ల కాడంటారు, నాకు తెలీదమ్మా అన్నాడు.

కోదండరామి మిల్లు వెనక ఒక గదిలో ఉంటున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి "వదినా!" అని లేచి నిలబడ్డాడు. కూర్చుంటే చెప్పలేనని గడపలోనే చెప్పాను, రెండు చీటీల సంగతి.

"తెలుసు వదినా," అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"బెల్లం కట్టిన కాగితం కూడా చదివినాక గానీ పారేయని మనిషివి నువ్వు. చీటీ ఇప్పకుండా పొయ్యిలో యేసినప్పుడే తెలిసింది."

"మరి అడగలేదేందిరా?"

"నువ్వే చెప్తావని చూస్తా ఉంటి."

"ఒక్క పండక్కన్నా రాలేదే?"

"వస్తే నువ్వు ఏమీ చెప్పకుండా నెయ్యేసి అన్నం పెడతావు వదినా. నేను తింటా. ఆ రెండూ జరుగుతాయని భయపడి రాలేదు."

గడప మీదే కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. నాలుక పిడచకట్టుకుపోయినా నీళ్ళు అడగడానికి ముఖం చెల్లలేదు. వాడే కుండలో చెంబు ముంచి తెచ్చి నా చేతికిచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.