పాప ఊపిరికి కాపలా

మా నాన్నగారికి భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. లోకంలో ఏ సంగతైనా ఆయన చెరువు గట్టు మీద నిలబడే చూస్తారు. నేను పురిటికి వచ్చి పాపను కన్నప్పుడూ అంతే.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టర్ హెలెన్ గారు ఊరుకోక ఆయనకు పాఠం చెప్పారు.

"ఊపిరితిత్తుల్లో క్రిముల్నీ చెత్తనీ తినేసే కాపలా కణాలుంటాయండి. వాటికి మూలమైనవి కడుపులో ఉండగానే బిడ్డ కాలేయంలో తయారై, ఊపిరితిత్తులకి చేరతాయి. పుట్టి గాలి పీల్చాకే పనిలో కుదురుకుంటాయి. అందాకా పాప దగ్గర పొగ వద్దు, జనం వద్దు."

"అంటే చెరువులో రొయ్యపిల్లని వదిలిన మొదటి వారం లాగే కాపలా కాయాలన్నమాట," అన్నారు నాన్నగారు.

దారిలోనే పనివాళ్లకి ఫోన్ చేసి చెప్పారేమో, ఇంటికి వచ్చేసరికి వరండా చుట్టూ, చెరువు మీద పక్షులు వాలకుండా కట్టే వల. గుమ్మంలో, క్రిములు చచ్చేలా కాళ్లు ముంచడానికి పర్మాంగనేటు మందునీళ్ల తొట్టి. మా అత్తగారు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ ఊదారంగు నీళ్లలో కాళ్లు ముంచారు. తీరా ముంచాక కూడా నాన్నగారు ఆవిణ్ని వల బయట నుంచే చూడమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పాప స్నానమయ్యాక అమ్మ సాంబ్రాణి ధూపం తెస్తే దాన్నీ ఆపేశారు.

"మన సూర్యకళని ఈ పొగలోనే పెంచాను. ఏమైందండీ దానికి?" అంది అమ్మ నన్ను చూపిస్తూ.

"అప్పుడు నాకు తెలీదు బుల్లెమ్మా."

అమ్మ నిప్పుల మీద నీళ్లు పోసి మూతి ముడుచుకుంది.

ఇక తన వంతన్నట్టు నాన్నగారు స్నానం చేసి, కాళ్లు ముంచుకుని, చేతులు చాచారు. మనవరాల్ని ఎత్తుకోవాలని పుట్టినప్పటి నుంచీ ఆయనకు ఒకటే ఆరాటం. అమ్మ అడ్డం వచ్చి ఆయన మొహం దగ్గర వాసన చూసింది.

"చుట్ట కంపు. కంచే చేను మేస్తే ఇంకేం చెప్పను. బయట నుంచోండి."

ఆయన పళ్లు తోముకుని, చొక్కా మార్చుకుని వచ్చారు. అమ్మ మళ్లీ చూసింది.

"మీసంలో ఉంది."

ఆయన బయట వల పట్టుకుని నిలబడిపోయారు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మర్నాడు చుట్టల కట్ట పారేసి, నున్నటి మూతితో వచ్చారు. అమ్మ వాసన చూసి పాపను ఆయన చేతుల్లో పెట్టింది.

మావైపు అయినవాళ్లు పోతేనే మగవాళ్లు మీసం తీస్తారు. దారిన పోతున్న మా ఊరి వెంకన్న ఆయన్ని చూసి సైకిలు దిగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు పోయారండీ?"

నాన్నగారు పాప మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఎవరూ పోలేదు వెంకన్నా. వచ్చింది."