బొబ్బిలి నుంచి వచ్చే రుచి

పొద్దున్న ఏడున్నరకి గిరిబాబు నోట్లోకి ఇడ్లీ, అల్లం పచ్చడి రుచి వచ్చింది. అంటే బొబ్బిలిలో పద్మకుమారి టిఫినుకి కూర్చుందన్నమాట. ఇక్కడ అరసవల్లిలో అతను నములుతున్నది ఉప్మా. అది నోట్లో తడి ఇసుకలా తిరుగుతోంది.

పెళ్ళయిన నాటి నుంచి అతని వరస ఇదే. సొంత నాలుకకి ఏదీ తెలీదు. భార్య ఏం తింటే అతనికి ఆ రుచి. వాళ్ళ వంశంలో తరానికొక మగాడికి ఇలా అవుతుంది. అతని కొట్టుకొచ్చినవాళ్ళు జీడిపప్పు తూకం వేయించుకుంటూ, "ఏటి గిరిబాబూ, మీ ఆవిడ ఈవేళ ఏటి వండుకున్నాది?" అని అడుగుతారు. "వంకాయ, మెంతికారం" అంటాడు. "అదృష్టం నీది" అని పొట్లం పట్టుకుని వెళ్ళిపోతారు.

వైను వ్యాపారంలోకి అతను దిగిందీ అలాగే. పలాస వైపు తోటల్లో జీడిగింజ తుంచుకుని పండు పారేస్తారు. చెట్ల కింద ఎర్రగా, పసుప్పచ్చగా కుప్పలు కుళ్ళిపోతుంటే పద్మకుమారి ప్రాణం ఉసూరుమంది. ఓ బుట్టెడు తెచ్చి, రసం పిండి, జాడీలో పోసి మూతికి గుడ్డతో వాసెన కట్టింది. కొన్నాళ్ళకి ఓ సాయంత్రం గ్లాసులో వంచుకుని గుక్క తాగింది. ఆ నిమిషాన గిరిబాబు కొట్లో కాటా ముందు నిలబడి ఉన్నాడు. ముందు నాలుక మీద ఒగరు. దాని వెనకే తేనె. చివర్న గొంతులో, చలికాలం ఎండలో కూర్చున్నట్టు సన్నటి వెచ్చదనం. కాటా అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ మేడ మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఏటి బావా, కొట్టు ఎవరికొగ్గీసి వచ్చినావు?"

"అదంతా తరవాత. ఇంకో గుక్క తాగు."

దీపాలు పెట్టే వేళ దాకా ఆవిడ తాగింది, అతను రుచి చూశాడు. ఒక్క గుక్కని ఇద్దరు మనుషులు అంత ఇష్టంగా పంచుకోవడం లోకంలో ఇంకెక్కడా జరిగి ఉండదు.

ఆ మీద లైసెన్సు వచ్చింది, ఎచ్చెర్ల దారిలో షెడ్డు లేచింది, డ్రమ్ములు దిగాయి. ఏ డ్రమ్ము ఎప్పుడు దించాలో, ఏది ఇంకో వారం ఆగాలో పద్మకుమారి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చెప్పేది. మే నెలలో భీమిలి నుంచి హోటళ్ళ నరసింగరావు గారు వచ్చారు. ఆయనకున్న ఆరు హోటళ్ళు ఈ వైను తీసుకుంటే షెడ్డు నిలబడుతుంది, కాదంటే తాళమే.

"ఈ రుచి ఎవరు కనిపెట్టేరయ్యా?" అన్నారాయన.

గిరిబాబు ఛాతీ పొంగింది. "నేనేనండి. నా నాలుకే నా ఫ్యాక్టరీ."

అప్పుడే ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పద్మకుమారి ఆ మాట వింది. ట్రే బల్ల మీద పెట్టింది. సాయంత్రం బస్సుకి బొబ్బిలి, పుట్టింటికి వెళ్ళిపోయింది.

అతను ఓసారి వెళ్ళి బతిమాలాడు. "నాలుక ఎవరిదో ఆ పెద్దమనిషికి ఫోన్ సేసి సెప్పు బావా, ఇప్పుడే వచ్చీస్తాను" అంది. సెల్లు చేతిలోనే ఉంది. ఫోన్ చెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. నాలుగు నెలలు అలా గడిచాయి.

ఈవేళ పదకొండు గంటలకి నరసింగరావు గారు బేరం తేల్చుకోడానికి మళ్ళీ వస్తున్నారు. షెడ్డులో మూడు డ్రమ్ములు ఉన్నాయి. భాద్రపదం ఉక్కకి వాటిలో ఏదో ఒకటి చెడిపోయిందని గిరిబాబుకి అనుమానం. ఏదో తెలీదు. సీసాలు కడిగే దుర్గ చేత మూడూ తాగించాడు.

"ఎలాగున్నాయే?"

"మూడూ ఒకలాగే మండుతన్నాయి బాబూ. నాలుగోది ఉన్నాదా?"

పదకొండు కొట్టకుండానే కారు ఆగింది. నరసింగరావు గారు తిన్నగా డ్రమ్ముల దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి మూడు గ్లాసుల్లో పోసి, బల్ల మీద వరసగా పెట్టారు.

"మా హోటళ్ళకి ఏది పంపుతావో నువ్వే తాగి సెప్పు. మాటతో పని లేదు. నీ నాలుకే కదా ఫ్యాక్టరీ."

గిరిబాబు మొదటి గ్లాసు ఎత్తి గుక్క తాగాడు. అతని నాలుకకి అది నీళ్ళు. రెండోది. నీళ్ళు. వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. మూడోది ఎత్తాడు. అదీ నీళ్ళే. నరసింగరావు గారు రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. ఏదో ఒకటి అనేద్దాం, తగిలితే తగులుతుంది అనుకున్నాడు. నడిమి గ్లాసు మీదికి చెయ్యి సాచాడు.

అప్పుడొచ్చింది.

నాలుకని రెండు వైపులా పట్టుకుని బిగించినట్టు ఒగరు. నేరేడు! అది వదులుతూ వదులుతూ ఉప్పుకల్లు అంత ఉప్పు. ఆ కింద తాటిబెల్లం పొగ. ఆ కింద ఇంకేదో, తొలివాన పడ్డ మట్టిలాంటిది, దానికి పేరు లేదు. చివర్న వెచ్చదనం చెవుల దాకా పాకింది. కొన్ని వారాలుగా అప్పుడప్పుడూ నోట్లో పొంగుతున్న పులుపుని అత్తారింటి కుండలో పులిసిన తరవాణి గంజి అనుకున్నాడు, వెర్రివాడు! ఆవిడ అక్కడ నేరేడు పళ్ళు పులియబెడుతోంది. ఈవేళ మూత తీసింది.

తనకి తెలీకుండానే పైకి చెప్పేస్తున్నాడు. ఒగరు, ఉప్పు, పొగ, వాన.

నరసింగరావు గారు ముందుకి వంగారు. "ఏ గ్లాసయ్యా అది?"

ఇంకా వేలు నడిమి గ్లాసు మీదే ఉంది. దాన్ని చూపించి ఊరుకున్నా సరిపోయేది. నోట్లో ఇంకో గుక్క పడింది, మొదటిదానికన్నా పెద్దది. ఆవిడ కళ్ళు మూసుకుని తాగుతున్నట్టు అతనికి తెలిసిపోయింది. గ్లాసు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఈ బల్ల మీద లేదండి. బొబ్బిలిలో ఉన్నాది. మా ఆవిడ తాగుతోంది. నాలుక నాది కాదండి, ఆవిడది. అప్పుడు మీకు అబద్ధం సెప్పేను."

ఇక తాళమే అనుకున్నాడు. నరసింగరావు గారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"ఓహో, నువ్వు ఆ రకమా? మా పెదమావ కూడా అంతే. మా అత్త కాకరకాయ వండుకున్న రోజల్లా అలిగి అరుగెక్కీసేవాడు. ఈ ముక్క సెప్పడానికి నాలుగు నెలలేటయ్యా?" కారు తాళం తీసుకున్నారు. "పద. ఆవిడ మొత్తం తాగీయక ముందే వెళ్దాం."

దారంతా గిరిబాబు నోరు బిగించుకుని కూర్చున్నాడు. రాజాం దాటాక రుచి సన్నగిల్లి, పోయింది. అయిపోయిందా, ఆపేసిందా? అడిగే దిక్కు లేదు.

పద్మకుమారి పుట్టింటి పెరటి పాకలో ఉంది. వేళ్ళు ఊదారంగు. భర్త వైపు చూడలేదు. "రండి, కూకోండి" అని నరసింగరావు గారికి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన గుక్క తాగి, ఆగకుండా మిగతాదీ తాగేశారు. తరవాత ఖాళీ గ్లాసు మళ్ళీ ముందుకి జరిపారు.

"దీనికి ఎవరి పేరు పెడదాం తల్లీ?"

"నాదే. కాగితం మీదా, సీసా మీదా. షెడ్డు మా బావది. నాకు అద్దెకిస్తాడేమో అడగండి."

"ఏటయ్యా?" అన్నారాయన.

"ఆవిడ ఎలాగంటే అలాగేనండి" అన్నాడు గిరిబాబు. "ఆ మూడు డ్రమ్ములు..."

"రేపొచ్చి సూస్తాను. ఏది పారబొయ్యాలో అప్పుడు సెప్తాను."

రేపొస్తానంది. ఆ మాట చాలు. అతను ఆశగా తనే ఓ గ్లాసు నింపుకుని తాగాడు. నీళ్ళు. ఆవిడ అప్పుడు చూసింది.

"నువ్వూ కొంచెం తాగవా?" అన్నాడు, చిన్నగా.

"నాకు దాహం వెయ్యొద్దా?" అని ఆయన వైపు తిరిగి, నెలకెన్ని సీసాలు కావాలో అడగడం మొదలుపెట్టింది. ఆవిడ గ్లాసు చేతికందేంత దూరంలో, నిండుగా, అలాగే ఉంది.

గిరిబాబు ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి కదిపినప్పుడల్లా, అతను నోరు కొంచెం తెరుస్తున్నాడు.